అల్లుడి గాలంకె ముప్పై ఏడు

సున్నం వేసి 338వ రోజు

ఈ పుస్తకం సూది మనిషి రాయాలి. సముద్రం అడుగున ఉన్న మా లోతుపేటలో సూది మనిషిని నేనే. పేరు నూకరత్నం, వయసు నలభై ఏడు, చదువు ఎనిమిదో తరగతి. దాన్ని రెండుసార్లు చదివాను కాబట్టి పదహారు అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. సున్నం పండగ మర్నాడు అంకెల మేస్టారు పోలారావు ఈ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. మేస్టారూ, ముందుగా నమస్కారం. తప్పులుంటే దిద్దుకోండి. తిట్లుంటే మాత్రం ఉంచండి, కష్టపడి రాశాను.

ఉదయం పని ఎప్పటిలాగే. పదకొండు కుక్కలు, పదకొండు ఎండు చేపలు. నోట్లో చేప పెట్టి, ముంగాలు పట్టుకుని, సూది గుచ్చి, ఆ రక్తం పెట్టెలో పొయ్యాలి. ఆ పెట్టె మనుషుల రక్తం కూడా చూస్తుంది. కానీ మావాళ్ళకి సూది గుచ్చితే మూడు రోజులు పనికి రారు, వారం రోజులు మూలుగుతారు. కుక్క చేప మింగేలోపే మర్చిపోతుంది. పైగా కుక్క ముక్కు నేలకి దగ్గర, చెడ్డ గాలి ముందు దానికే తగులుతుందని మొదట్లో దిగిన పెద్దలు అనుకున్నారు. గాలి కొలిచే మీటర్లన్నీ ఉప్పు తేమకి ఎప్పుడో పోయాయి. పైనుంచి గాలి తెచ్చే పైపు మొదటి తుపానుకే తెగింది. ఇప్పుడు మేం పీల్చేది నాచు పందిళ్ళు ఇచ్చే గాలి. మేం విడిచేది తినాల్సింది పళ్ళేల్లో పోసిన సున్నం. ఆ సున్నం ఇంకా తింటోందో లేదో చెప్పాల్సింది కుక్క.

పెట్టె మూడు అంకెలు చెబుతుంది. పులుపంకె తగ్గితే రక్తం పులిసినట్టు. గాలంకె పెరిగితే బయటికి పోవాల్సిన ఊపిరి ఒంట్లో మిగిలిపోయినట్టు. సోడా అంకె ఆ పులుపుని విరగ్గొట్టే సరుకుది. నాకు తెలిసిన వైద్యం ఇంతే. మంచి అంకెలు ఏవో గోడ మీద రాసి ఉంటాయి. ఈ ఏడు పులుపు 7.37, గాలి 42, సోడా 24. కుక్కల గాలంకె గోడ మీది దాని కంటే రెండు ఎక్కువైతే పళ్ళేల్లో సున్నం మార్చాలి. కాకపోతే అక్కర్లేదు. ఇవాళ పదకొండింటిలో ఒక్కటీ ఎక్కువ కాలేదు. సున్నం మార్చలేదు.

అయితే పన్నెండోది వచ్చింది. సముద్రం మీద మా తెప్ప ఉంటుంది, దాని మీద గవరమ్మ గవ్వలు కాల్చి సున్నం చేసి బుట్టల్లో కిందికి దింపుతుంది. మధ్యాహ్నం మాట గొట్టంలో అరిచింది.

"ఒలే రత్నాలూ, దారిని పోయే పడవలోంచి ఓ కుక్క నా తెప్ప మీదకి గెంతీసింది. నా ఎండు చేపలు సగం తినీసింది. నీకు పంపిస్తన్నాను, నువ్వే ఏలుకో."

సరుకూ మనుషులూ ఎక్కిదిగే పెద్ద బుట్ట తలుపు తీశాను. గోధుమరంగు కుక్క, తోక మాత్రం తెలుపు. దిగి, నా కాళ్ళు వాసన చూసి, అడగకుండా లోపలికి నడిచి, నా చాప మీద కూర్చుని, ఇంకేం పెడతావన్నట్టు చూసింది. అల్లుడు అని పేరు పెట్టాను.

కొత్త కుక్క వస్తే గుమ్మంలోనే రక్తం తియ్యాలి. మళ్ళీ గుమ్మం దాకా లాక్కొచ్చి తీశాను. పులుపు 7.39, గాలి 37, సోడా 22.

పోలారావు మేస్టారు వచ్చారు. తలకట్టు బిగించుకుంటూ అంకెలు చూశారు, గోడ చూశారు, మళ్ళీ అంకెలు చూశారు.

"ఐదు తక్కువ. సోడా కూడా కరిగిపోతంది. ఇది జబ్బు కుక్క, రత్నం."

"జబ్బు కుక్కేటి మేస్టారూ, ఇందాకే పక్కింటి సుబ్బులు కట్టుకున్న కొత్త తలకట్టు లాక్కుని వీధంతా రెండు సుట్లు తిరిగొచ్చింది."

"అంకె సూడు, ఆట కాదు."

సున్నం వేసి 339వ రోజు

ఇవాళ పులుపు 7.34. ఇంకా పులిసింది. గాలి 41కి ఎక్కింది, సోడా 22న్నర. మేస్టారు తల అడ్డంగా ఊపారు. ఊరి పెద్ద అసిరయ్యని పిలిచారు. అసిరయ్య మా అక్క మొగుడు. నాకు బావ కాబట్టి ఆయనతో పరాచికాలాడే హక్కు నాకుంది. ఆయనకి మాత్రం నా మాట వినే అలవాటు లేదు. దానికి కారణం కూడా నేనే. నిరుడు పెట్టెలో కుక్క రక్తానికి బదులు చింతపండు రసం పోశాను. పులుపు 3 అని వచ్చింది. రెండువందల మంది పిల్లాజెల్లాతో బుట్ట దగ్గరకి పరుగు తీశారు. ముందు పరిగెత్తింది అసిరయ్యే, అదీ భార్య చెప్పులు వేసుకుని. అప్పట్నుంచి నేను నిజం చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత వింటారు.

బావ తీర్పు చెప్పాడు. "అంటుజబ్బు అయితే మన పదకొండూ పోతాయి. అవి పోతే సున్నం సంగతి మనకెవడు సెప్తాడు? దీన్ని యేరేగా కట్టు. ఎనిమిది రోజులు సూద్దాం. అంకెలు గోడకి సరిపోనాయా, ఉంటాది. నేదా, నీటి గదే."

నీటి గది అంటే బయటి తలుపు. అవతల సముద్రం.

"అది నా అల్లుడు బావా."

"అల్లుడైనా అంతే. కూతురు నేని అల్లుడు నీకెందుకే."

అనరాని మాట అన్నాడని ఆయనకే తెలిసింది. తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను సాయంత్రం ఆయన పడుకునే చాప కింద పీత డొప్పలు పరిచాను.

సున్నం వేసి 342వ రోజు

పులుపు 7.36, గాలి 42, సోడా 23న్నరకి దగ్గర. మేస్టారి మొహం విప్పారింది. "కోలుకుంటంది" అన్నారు. నాకూ సంతోషమే. రోజుకి రెండు చేపలు ఎక్కువ పెడుతున్నాను కదా, ఆ గొప్పంతా నా చేపలదని వీధంతా చెప్పుకున్నాను.

మధ్యాహ్నం అందరిలాగే నేనూ తలకట్టు బిగించుకుని నడుం వాల్చాను. లోతుపేటలో భోజనాలయ్యాక తలకట్టు కట్టుకోనివాళ్ళు లేరు. చంటిపిల్లలకి చిన్నవి, పెళ్ళికూతురికి ఎర్రది, పెద్దలకి నీలం అంచుది. ఎంత గట్టిగా బిగిస్తే అంత మర్యాద. బిగిస్తే తలపోటు కాస్త తగ్గుతుంది కూడా, అది వేరే సంగతి.

సున్నం వేసి 346వ రోజు

మూడు రోజులుగా అల్లుడి అంకెలు గోడకి సరిపోతున్నాయి. పులుపు 7.37, గాలి 42, సోడా 24. అచ్చం గోడ మీద రాసినట్టే. అసిరయ్య బావ పెద్దమనిషి తరహాగా వచ్చి, తన కుక్క దొరకి కట్టే రకం తోలు పట్టీ ఒకటి అల్లుడి మెడకి కట్టాడు. పాత మాటకి క్షమాపణ అన్నమాట.

"సూసినావా మరదలా, రూలు రూలే, గాని నేను రాక్షసుణ్ణి కాను."

"పీత డొప్పలు గుచ్చుకున్నాయా బావా?"

"అవి నువ్వేనా! మీ అక్కని అనుమానించినాను గదే!"

అందరూ నవ్వారు. ఈ సందడంతటి మధ్యలో అల్లుడు ఒక ఆవులింత ఆవులించాడు. నోరు మూసుకోలేక మళ్ళీ ఇంకోటి. సుబ్బులు తలకట్టు అంచు ముక్కు ముందు ఊగుతున్నా లాక్కోలేదు. అటు చూసి కళ్ళు మూసుకున్నాడు. నాలుగు అడుగులు వేస్తే డొక్కలు ఎగురుతున్నాయి.

వచ్చిన రోజు జబ్బు అన్నారు, ఆ రోజు ఊరంతా తిరిగాడు. ఇవాళ బాగుపడ్డాడన్నారు, లేచి నిలబడటానికి బద్ధకిస్తున్నాడు. నాకు చదువు తక్కువ. మేస్టారు పుస్తకంలో చూడనిది నేను కుక్కలో చూస్తాను. చెప్పులో రాయి పడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

సున్నం వేసి 347వ రోజు

తెప్ప మీద సున్నం బుట్టలు కట్టే వంతు నాది. అల్లుణ్ణి కూడా పైకి తీసుకెళ్ళాను. వెళ్ళేసరికి అలలు లేచాయి. బుట్ట దింపడం కుదరదు, నాలుగు రోజులు ఇక్కడే పడి ఉండాలంది గవరమ్మ.

పైన బతుకు సుఖమేం కాదు. పొద్దెక్కితే ఇనుప పలక మీద కాలు పెట్టలేం. గవరమ్మ తెల్లారి మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పనిచేస్తుంది, మిగతాదంతా గోనె నీడలో. ఆమె తెప్ప సగం సున్నం మూటలే.

"ఇంత సరుకు ఎందుకు పెట్టుకున్నావ్ గవరప్పా?"

"నాను పెట్టుకున్నానా? మీరే పట్టుకెళ్ళట్లేదు. నేనొచ్చిన కొత్తలో నెలకి అరవై బుట్టలు దిగీవి. ఇప్పుడు నలభైకి పడిపోనాయి. మీరు ఊపిరి తీయడం తగ్గించేసినారేటి?"

నవ్వాను. తర్వాత చాలాసేపు నవ్వలేదు.

సున్నం వేసి 350వ రోజు

అల్లుడు నిన్నటి నుంచి పరిగెడుతున్నాడు. తెప్ప ఈ చివర నుంచి ఆ చివరకి. గవరమ్మ గోనె లాగాడు, నా తలకట్టు లాగి సముద్రంలో పడేశాడు. దాని కోసం తిడుతుంటే గవరమ్మ అడిగింది.

"రత్నాలూ, నువ్వొచ్చి నాలుగు రోజులైంది. ఆ గుడ్డ కట్టుకోగా నాను సూడ్లేదు. ఇప్పుడేటి అంత బాధ?"

నిజమే. తలకట్టు వచ్చిన రోజు తీసి మూట మీద పడేశాను. మళ్ళీ ముట్టలేదు. తలపోటు లేదు. ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్నం అయితే వచ్చే తలపోటు, భోజనం తర్వాత వక్కలా అలవాటైన తలపోటు, రాలేదు. రాలేదన్న సంగతి కూడా గవరమ్మ చెబితేగాని నాకు తెలియలేదు.

సున్నం వేసి 351వ రోజు

దిగాం. గుమ్మంలో రక్తం. పులుపు 7.39, గాలి 37, సోడా 22. వచ్చిన రోజు అంకెలే, అచ్చం అవే.

మేస్టారు నుదురు కొట్టుకున్నారు. "తిరగబెట్టింది. సెప్పేను గదా, ఇది లోపలి జబ్బు."

"మేస్టారూ, పైన నాలుగు రోజులూ అది చేప పిల్లలా ఉంది. జబ్బు దానిది కాదు. కింద మనకేదో ఉంది."

"పదకొండు కుక్కలు గోడకి సరిపోతన్నాయి. ఒక్కటి సరిపోవట్లేదు. జబ్బు పదకొండుకా, ఒక్కదానికా?"

బావ వచ్చాడు. ఆయన మొహం చూస్తేనే తెలిసింది, ఈసారి పరాచికం పనికిరాదు. "రేపు పొద్దున్న. టిఫిన్లయ్యాక. మరి నాకు సెప్పకు రత్నాలూ. నిరుటి సింతపండు ఇంకా నా పళ్ళకి తగులుతంది."

అందరూ పడుకున్నాక మధ్యాహ్నం అంకెల గోడ దగ్గరకి వెళ్ళాను. ఏటా సున్నం పండగ నాడు ఈ గోడకి సున్నం కొడతారు. ఆ పదకొండు కుక్కల అంకెలు కలిపి సగటు తీసి, కొత్త సున్నం మీద నల్లగా రాస్తారు. మా రోజులు లెక్కపెట్టేది కూడా ఆ సున్నం నుంచే. దాని కింద పోయిన ఏటిది, దాని కింద అంతకు ముందుది. ముప్పై ఒక్క పొరలు.

ఆలిచిప్ప తీసుకుని ఒక మూల గీకాను. ఉడికిన గుడ్డు పెంకులా పలక పలకగా లేచింది. గాలి 42. దాని కింద 42. దాని కింద 41న్నర. మూడేసి పొరలకి ఒక్కో అర తగ్గుతోంది. ఒక్క ఏడూ ఎవరూ తప్పు రాయలేదు. ఒక్క ఏడూ తేడా కంటికి ఆనలేదు. కుక్కల అంకె ఎంత పెరిగితే గోడ అంకె అంత పెరిగింది. గోరు కింద సున్నం నిండిపోయింది. చిట్టచివరి పొర దగ్గర గోడ రాయి కనిపించింది. రాయి మీదే రాశారు, మందంగా, భయంభయంగా రాసినట్టు: పులుపు 7.39, గాలి 37, సోడా 22.

నేను నేల మీద కూర్చుండిపోయాను. అల్లుడు నా ఒళ్ళో తల పెట్టాడు. ఊరు మొత్తంలో జబ్బు లేనిది వీడొక్కడే. అందుకే వీడిని బయటికి నెడుతున్నాం.

వెనక చప్పుడైంది. పోలారావు మేస్టారు నిలబడి ఉన్నారు. నన్ను కేకలేస్తారనుకున్నాను. గోడ దగ్గరకి వచ్చి ఆ చివరి పొర మీద వేలు పెట్టారు.

"ఇది మా నాన్న చేతిరాత" అన్నారు. ఏడుకి అడ్డగీత పెట్టి ఉంది. మేస్టారు కూడా అలాగే పెడతారు.

"మరి?"

"అవి పైనుంచి దిగిన కుక్కలు రత్నం. వాటి రక్తం వేరు. ఇవి ఇక్కడ పుట్టినవి, ఇక్కడ పెరిగినవి. మన కుక్కల సగటే మన కొలత. అలగే సెప్పీవాడు నాన్న."

ఆయన మొండి మనిషి కాదు. ఆ మాట అంటూ కూడా వేలు ఆ రాత మీంచి తియ్యలేదు. కానీ నాకు దొరికిన దారి కూడా ఆ మాటలోనే ఉంది. ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన కుక్క కావాలి. ఒక్కటి.

సున్నం వేసి 351వ రోజు, అదే మధ్యాహ్నం

ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన కుక్కల్లో పెద్దమనిషి ఎవరంటే దొర. అసిరయ్య బావ కుక్క. ఆరేళ్ళది. నాలుగు అడుగులకోసారి కూర్చుంటుంది, ముసలిదైపోయిందని అందరూ అంటారు. బావ తలకట్టు బిగించుకుని గుర్రు పెడుతున్నాడు. దొర ఆయన పక్కనే పడుకుని ఉంది. ఒక ఎండు చేప చూపించాను. అది వస్తానంది. బావని అడగడం మర్యాద కాదనిపించింది, నిద్ర చెడుతుంది.

బుట్టలో నేను, దొర, అల్లుడు, రక్తం పెట్టె. పైకి చేరాక బుట్ట లాగే చక్రం మేకు పీకి నా కొప్పులో దోపుకున్నాను. ఇక బుట్ట దిగదు.

సున్నం వేసి 352వ రోజు

మాట గొట్టం పొద్దుట్నుంచి మోగుతోంది. బావ తిట్లు వినడానికి గవరమ్మ గోనె పరుచుకుని కూర్చుంది. "ఇది కొత్తది, ఇది మా ఊళ్ళో లేదు" అంటూ ఒక్కొక్కటీ మెచ్చుకుంటోంది.

"దొరనేటి సేసినావే?"

"జబ్బు చేయిస్తన్నాను బావా."

ఆ తర్వాత తిట్లు గవరమ్మకి కూడా అర్థం కాలేదు.

సాయంత్రానికి ఆయనే వచ్చేశాడు. బుట్ట దిగకపోతేనేం, బుట్ట దిగే గొట్టంలో ఇనుప మెట్లున్నాయి. రెండువందల పది మెట్లు. తలకట్టు కళ్ళ మీదకి జారి, మీసం అంటుకుపోయి, నిలబడలేక గవరమ్మ సున్నం మూట మీద కూలబడ్డాడు. మాట్లాడదామంటే ఊపిరి లేదు. అదృష్టం నాది.

"నా దొర."

"అదిగో."

దొర నీడలో పడుకుని ఉంది. ఇంకా పరిగెట్టడం లేదు. నాకే కాస్త గుబులైంది.

"బుట్ట దింపు. ఎల్దాం."

"మేకు కనపడ్డం లేదు బావా. సముద్రంలో పడిందేమో, ఎతుక్కో."

నా కొప్పు వైపు చూడకూడదని గవరమ్మ సముద్రం వైపు తిరిగింది. మెట్లు దిగే ఓపిక బావకి లేదు. మేకు దొరికేదాకా తెప్ప మీదే ఉండాల్సిందే.

సున్నం వేసి 355వ రోజు

తెల్లవారగానే, ఎండ రాకముందు పెట్టె పెట్టాను. బావ ఎదురుగా కూర్చున్నాడు. నమ్మకం లేక సూది తనే పట్టుకున్నాడు. దొర ముంగాలు తనే పట్టుకున్నాడు. నేను చేప మాత్రం అందించాను.

"ఇందులో సింతపండు నేదు గదా."

"నీ చేత్తోనే పొయ్యి బావా."

తనే పోశాడు. పులుపు 7.38, గాలి 38, సోడా 22 మీద కొంచెం. పెట్టె ఇంతే చెప్పింది. దానికి మంచీ చెడ్డా తెలియదు, అంకె ఒక్కటే తెలుసు.

"మన గోడ ప్రకారం ఇది జబ్బు కుక్క" అన్నాను. "టిఫిన్లయ్యాక నీటి గదిలోకి నువ్వే తీసుకెళ్ళు."

బావ ఆ అంకెల వైపే చూస్తున్నాడు. అప్పుడే దొర లేచింది. ఆరేళ్ళ ముసలిది, నాలుగు అడుగులకోసారి కూర్చునేది, అల్లుడి తోక పట్టుకుని తెప్ప చివరిదాకా పరిగెత్తింది. ఆగకుండా తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. బావ మీదకి గెంతి ఆయన భుజం మీద కాళ్ళు పెట్టింది. ఆయన దాన్ని పట్టుకోలేక వెల్లకిలా పడ్డాడు. పడి, నవ్వలేదు. ఆకాశం చూస్తూ అలాగే ఉన్నాడు.

కాసేపటికి తల తడుముకున్నాడు. తలకట్టు లేదు. అల్లుడు దాన్ని సున్నం మూటల వెనక పరుచుకుని పడుకుంటున్నాడు, మొన్నట్నుంచీ.

"నొప్పి నేదు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి అనుకుంటాను." మళ్ళీ తల తడుముకున్నాడు. "ఉండేదని కూడా తెలీలేదు రత్నాలూ. తలంటే అలగే ఉంటాదనుకున్నాను."

అప్పుడు నేను కొప్పులోంచి మేకు తీసి ఇచ్చాను. తిట్టలేదు. "గవరమ్మా" అన్నాడు, "ఈ మూటలన్నీ ఎన్ని బుట్టలవుతాయి?"

"మీకు కావలసినన్ని. నాను ముందే అడిగినాను గదా, ఊపిరి తీయడం తగ్గించేసినారేటని."

సున్నం వేసి 358వ రోజు

మూడు రోజులుగా ఊరంతా పళ్ళేలు మోస్తున్నాం. నలభై పళ్ళేలు. పాత సున్నాన్ని పారతో తట్టితే రాయిలా మోగింది. ఎప్పుడో తినాల్సినంత తినేసి గట్టిపడి ఊరుకుంది. గోడ ఇంకా మార్చొద్దు అంటోంది, గోడకి కుక్కలు సరే అంటున్నాయి, కుక్కలకి గోడ సరే అంటోంది. మేం ఆ ఇద్దరి మాటా వింటూ కూర్చున్నాం.

పోలారావు మేస్టారు కూడా బుట్టలు మోశారు. అరవై ఏళ్ళ మనిషి. నా ముందు బుట్ట దించి అన్నారు, "సగటు తప్పు కాదు రత్నం. ప్రతి ఏడూ నాను లెక్క సరిగ్గానే కట్టేను."

"తెలుసు మేస్టారూ."

"అదే బాధ."

ఒక ఎండు చేప ఇచ్చాను. తీసుకున్నారు.

సున్నం వేసి 366వ రోజు

నిన్న సున్నం పండగ. ఊళ్ళో అన్ని గోడలకీ సున్నం కొట్టాం, అంకెల గోడకి తప్ప. పొరలన్నీ మేస్టారే గీకి, నీళ్ళ గుడ్డతో తుడిచారు. రాయి మీద ఆయన నాన్న రాసిన మూడు అంకెలు మిగిలాయి. చుట్టూ నల్లటి గీత గీసి, ఇక ఈ గోడ ఎవరూ ముట్టకూడదన్నారు. బ్రష్షు నా చేతిలో ఉంది కాబట్టి నా వైపు ప్రత్యేకంగా చూశారు.

దాంతో ఒక చిక్కు వచ్చింది. ఈ గోడకి సున్నం పడితేగాని కొత్త ఏడు మొదలుకాదు కదా. ఇవాళ ఒకటో రోజా, 366వ రోజా అని పొద్దున్న పెద్దలు చాలాసేపు వాదించుకున్నారు. నేను 366 అని రాశాను. రేపు 367 రాస్తాను. ఎక్కడి నుంచి వచ్చామో తెలియాలంటే లెక్క ఆపకూడదు.

ఉదయం పని. పన్నెండు కుక్కలు, పన్నెండు ఎండు చేపలు. గాలంకెలు 37, 38, 37, 37, 38, అలాగే అన్నీ. సోడా 22కి అటూ ఇటూ. పోయిన ఏటి గోడ ప్రకారం పన్నెండూ చావుబతుకుల మధ్య ఉన్నాయి. అందుకే కాబోలు, తెల్లవారుజాము నుంచి వీధిలో ఒకదాన్నొకటి తరుముకుంటూ మొరుగుతున్నాయి. దొర ముందు, అల్లుడు వెనక. పడుకోనివ్వడం లేదని అసిరయ్య బావ పొద్దున్నే నా మీదకి వచ్చాడు. "ఇవి బద్ధకంగా ఉన్నప్పుడే సుఖంగా ఉండేది" అన్నాడు. అని, దొర పరిగెత్తుతుంటే దాని వెనకే పోయాడు.

మేస్టారూ, ఇప్పుడు ఈ పుట మీరు చదువుతున్నారు. భోజనం చేసి కూర్చుని ఉంటారు. అలవాటుగా చెయ్యి తల మీదకి పోయి ఉంటుంది. తలకట్టు లేదు కదూ? వెతకొద్దు. అల్లుడి పక్కలో ఉంది, వాడికి మెత్తగా ఉందట. మీకు తలపోటు వస్తే చెప్పండి, తెచ్చిస్తాను.

ముందు సున్నం మారుస్తాను. తర్వాత తెచ్చిస్తాను.